మాట వెనుక కథ: అతినీలలోహితం

ఖమ్మం బజారులో నీళ్ల ఫిల్టరు కొనేవాళ్లు ‘యూవీ ఉందా?’ అని అడుగుతారు. బడి పుస్తకంలో దాని పేరు అతినీలలోహితం. లోహితమంటే ఎరుపు, నీలంతో కలిస్తే ఊదా. శివుడికీ నీలలోహితుడని పేరుంది. ముందున్న ‘అతి’ మాత్రం ‘అతి చేయకు’లోని అతి కాదు, ‘అతీతం’, ‘అతిక్రమించు’లోది. అంటే ఊదాను దాటినది. 1801లో జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రవేత్త, ఊదాకు అవతల ఏ రంగూ కనిపించని చోట సిల్వర్ క్లోరైడ్ నల్లబడటం చూసి దీన్ని పసిగట్టాడు.

ఈ వంశంలో ఇప్పుడు వినిపిస్తున్న పేరు ‘ఫార్ యూవీ’. 222 నానోమీటర్ల ఈ కాంతి గదిలోని గాలిలో తేలే క్రిములను చంపుతుంది, మన చర్మంపై మృతకణాల పొరను దాటి లోపలికి దాదాపు పోదు. క్రిములను చంపే పాత 254 నానోమీటర్ల దీపం కాంతి నేరుగా పడితే కళ్లు మండుతాయి, చర్మం కందుతుంది. భద్రాచలం అడవి పల్లెల్లో ఇప్పపువ్వు ఆరబోసే ఎండలో 222 ఉండదు. ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. కావాలంటే దీపం వెలిగించాల్సిందే. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్న పరిశోధన ఇంకా సాగుతోంది. అందాకా గదిలో గాలి మారేందుకు కిటికీ తెరవడం మానకూడదు. ఫార్ యూవీకి తెలుగు పేరు? ‘సుదూర అతినీలలోహితం’ అనొచ్చు, నోరు తిరిగితే!