ఆకెర్స్‌హుస్: ఊరిని తన చెంతకు రప్పించుకున్న కోట

నార్వే రాజధాని ఓస్లోలో, నగర మందిరానికి కూతవేటు దూరంలో, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఒక రాతి కొన మీద ఆకెర్స్‌హుస్ దుర్గం నిలిచి ఉంది. స్కాండినేవియా తీరాల్లో సముద్రం నేలలోకి చాలా దూరం చొచ్చుకువచ్చి ఏర్పడిన పొడవైన పాయలను ఫియోర్డులంటారు. ఓస్లో ఫియోర్డు కొసన, నగరానికి వచ్చే ఓడలన్నిటినీ కనిపెట్టి చూడగల చోట ఈ కోటను కట్టారు. ఊరిని శత్రువుల బారినుంచి కాపాడటానికే కోటలు వెలిశాయన్న సాధారణమైన అభిప్రాయం ఆకెర్స్‌హుస్ చరిత్రకు సరిపోదు. రాజు తన అధికారాన్ని నిలుపుకోవడానికి కట్టుకున్న దుర్గమిది; అది నిలబడిన కొన్ని సందర్భాల్లో ఊరు కాలిపోయింది; చివరికి ఊరే తన పాత స్థలాన్ని విడిచి కోట గోడల కిందికి తరలివచ్చింది.

పదమూడవ శతాబ్దపు ఓస్లో నేటి కోటకు తూర్పున, చిన్న అఖాతానికి అవతలి ఒడ్డున ఉండేది. కొయ్య ఇళ్లతో నిండిన ఆ ఊళ్లో రాతి కట్టడాలు కొద్దిపాటివే. వాటిలో సెయింట్ హాల్‌వార్డ్ ప్రధాన చర్చి, బిషప్ నివాసం, రాచనగరు, దాని పక్కనే ఉన్న మేరీమాత చర్చి ముఖ్యమైనవి. అప్పటికి నార్వే రాజులకు ప్రధానమైన పట్టణం పడమటి తీరంలోని బెర్గెన్. రాజు ఐరిక్ అక్కడినుంచి పాలిస్తుండగా, ఆయన తమ్ముడు హోకన్ డ్యూక్ హోదాలో ఓస్లోను తన స్థానంగా చేసుకుని దేశపు తూర్పు భాగాన్ని ఏలుకునేవాడు. 1287లో ఆల్వ్ ఎర్లింగ్‌సన్ అనే ప్రభువు, రాజు తరువాతి స్థానమైన జార్ల్ పదవిలో ఉన్నవాడు, తిరుగుబాటు చేసి ఓస్లో మీద దాడికి దిగాడు. హోకన్ పక్షాన ఊరిని కాచుకోవలసిన అధికారిని పట్టుకుని చంపించాడు. ఆల్వ్ ఆ తరువాత దేశం విడిచి పారిపోయి, 1290లో డెన్మార్క్ అధికారుల చేతికి చిక్కి మరణశిక్షకు గురయ్యాడు గాని, ఆ దాడి నేర్పిన పాఠం హోకన్ మనసులో నిలిచిపోయింది. చుట్టూ గట్టి ప్రాకారం లేని కొయ్య పట్టణంలో కూర్చుని రాజ్యం చేయడం సాధ్యం కాదనీ, ముప్పు పరదేశపు ఓడల నుంచే కాక సొంత దేశపు ప్రభువుల నుంచి కూడా రావచ్చుననీ ఆయన గ్రహించాడు. ఆకెర్స్‌హుస్ నిర్మాణానికి ఈ సంఘటనే మూలమని చరిత్రకారులు చాలామంది భావిస్తారు.

1299లో అన్న మరణించగా సింహాసనమెక్కిన హోకన్, ఐదవ హోకన్‌గా ఓస్లోలోనే పట్టాభిషేకం చేయించుకున్నాడు. మరుసటి ఏడు, అంటే 1300లో, ఓస్లోలోని ఒక చర్చికి సంబంధించి ఆయన రాయించిన పత్రంలో ఆకెర్స్‌హుస్ పేరు మొదటిసారిగా కనిపిస్తుంది. రాతితోను ఇటుకతోను కట్టిన ఎత్తయిన ప్రాకారం, దాని లోపల నివాస భవనాలు, భూభాగం వైపున కాపలాగా ఒక మహా బురుజు, ఇదీ తొలి కోట రూపం. ఆ బురుజును తెగువగలవాడన్న అర్థమిచ్చే వోగెహాల్స్ అనే పేరుతో పిలిచారు. కోట ఒక్కదానితో హోకన్ తృప్తిపడలేదు. 1308లో ఆయన జార్ల్ పదవిని దాదాపుగా రాచబిడ్డలకే పరిమితం చేసి, పెద్ద ప్రభువుల బిరుదులను రద్దు చేశాడు. 1314లో మేరీమాత చర్చి పెద్దను రాజముద్ర ధరించే శాశ్వత ఛాన్సలర్‌గా నియమించాడు. ఉత్తరపు కొసన వార్డోహుస్, స్వీడన్ సరిహద్దున బోహుస్ కోటలూ ఆయన కాలానివే. ఈ చర్యలన్నీ కలిపి చూసినప్పుడే ఆకెర్స్‌హుస్ అసలు ప్రయోజనం అర్థమవుతుంది: బిరుదులు కోల్పోయిన ప్రభువులు ఎదురుతిరిగినా చెక్కుచెదరని చోటు ఒకటి రాజుకు కావలసి వచ్చింది.

కోటకు తొలి పరీక్ష మాత్రం రాజుకు కాబోయే అల్లుడి చేతిలోనే ఎదురైంది. హోకన్ తన ఏకైక ధర్మసంతానమైన ఇంగెబోర్గ్‌ను, ఆమె ఏడాది పిల్లగా ఉండగానే, స్వీడన్ రాజు తమ్ముడైన డ్యూక్ ఎరిక్‌కు ఇస్తానని మాటిచ్చాడు. బాల్టిక్ తీరంలోని ర్యూగెన్ నుంచి వచ్చిన రాణి యూఫెమియా సాహిత్యాభిమాని. ఆమె ప్రోత్సాహంతో 1303, 1312ల మధ్య మూడు వీరప్రణయ కథలు స్వీడిష్ పద్యరూపం దాల్చాయి. అల్లుడి దేశపు భాషలో వచ్చిన ఆ కావ్యాలు ఈ వియ్యానికి కానుకలని పండితుల అభిప్రాయం. ఇంతలో ఎరిక్, హోకన్ తనకు అప్పగించిన సరిహద్దు కోటలను తిరిగి ఇవ్వడానికి నిరాకరించడంతో మామా అల్లుళ్లకు వైరం ముదిరి, 1308లో ఎరిక్ సేనతో వచ్చి ఆకెర్స్‌హుస్‌ను ముట్టడించాడు. కోట లొంగలేదు, ఎరిక్ వెనుదిరిగాడు. విచిత్రమేమంటే, కొన్నేళ్లకు రాజీ కుదిరి 1312లో ఓస్లోలోనే ఆ పెళ్లి జరిగింది. అదే ఏడు వసంతంలో కన్నుమూసిన యూఫెమియా ఆ వివాహాన్ని చూడలేకపోయింది. ఆకెర్స్‌హుస్‌ను పట్టలేకపోయిన ఎరిక్‌ను ఆయన సొంత అన్న స్వీడన్‌లోని నీషోపింగ్ కోటలో బంధించగా, 1318లో ఆయన ఆ చెరలోనే మరణించాడు. మరుసటి ఏడాది హోకన్ కూడా గతించడంతో, ఇంగెబోర్గ్ కుమారుడు మూడేళ్ల మాగ్నుస్ నార్వే, స్వీడన్ రెంటికీ రాజయ్యాడు.

కోట జీవితమంటే ముట్టడులే కాదు. లోపల బతికినవారి కష్టసుఖాలకు ఆనవాళ్లు చాలా అరుదుగా మిగులుతాయి గనుక, 1370లో రాణి మార్గరెట్ రాసిన లేఖకు ఎంతో విలువ ఉంది. డెన్మార్క్ రాకుమారి అయిన ఆమెను పదేళ్ల వయసులో ఆరవ హోకన్‌కు ఇచ్చి పెళ్లి చేయగా, ఆమె ఆకెర్స్‌హుస్‌లో పెరిగింది. పదిహేడేళ్లకు కొడుకు ఓలాఫ్‌ను కన్నది. ఆ కాలంలో దూరాన ఉన్న భర్తకు రాసిన ఉత్తరంలో, తనకూ తన పరివారానికీ తిండికి కటకటగా ఉందని చెప్పి, ఒక వర్తకుడు అరువు ఇచ్చేలా చూడమని ఆమె అర్థించింది. ఆ తరువాత డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడింటినీ కల్మార్ ఐక్యత పేరుతో 1397లో ఒకే రాజు కిందికి తెచ్చిన మహారాజ్ఞి ఈమే. ఎంతటి కోటకైనా గోడల ఎత్తు ఎంత ముఖ్యమో గిడ్డంగిలోని ధాన్యం అంత ముఖ్యమన్న సంగతిని చెప్పడానికి ఈ లేఖను మించిన సాక్ష్యం అక్కరలేదు.

1380లో నార్వే కిరీటం డెన్మార్క్ రాజుకు చేరడంతో రాజు క్రమంగా డెన్మార్క్‌కు పరిమితమై, ఆకెర్స్‌హుస్ ఒక దుర్గాధిపతి అధీనంలోకి వచ్చింది. రాజు పేర ఒక ప్రాంతపు పన్నులను వసూలు చేసి, అందులో కొంత భాగం అనుభవిస్తూ, బదులుగా సైనిక సేవ చేసే ఈ ఏర్పాటును అక్కడ లేన్ అనేవారు. దక్షిణ నార్వేలో అతి పెద్ద లేన్‌కు కేంద్రమైన ఈ కోటను చేతబట్టినవాడే ఆ దేశాన్ని శాసించగలిగేవాడు. 1502లో క్నుట్ ఆల్వ్‌సన్ అనే నార్వే ప్రభువు తిరుగుబాటులో కోట ఆయన వశమైంది కూడా. సంధికి రమ్మని అభయమిచ్చి ఓడ మీదికి పిలిచి, డెన్మార్క్ పక్షంవారు ఆయనను చంపారు. ఆకెర్స్‌హుస్ ఎన్నడూ లొంగలేదని చెప్పుకునే గొప్పలో ఈ ఘట్టాన్ని దాటవేయడం న్యాయం కాదు. విదేశీ సేన ముట్టడి వేసి దాన్ని పట్టలేదన్నది మాత్రమే నిజం.

1531 శీతాకాలపు ముట్టడి ఈ దుర్గపు యుద్ధనీతిని అన్నిటికంటె స్పష్టంగా చూపుతుంది. డెన్మార్క్, నార్వేల సింహాసనం పోగొట్టుకుని ప్రవాసంలో ఉన్న రెండవ క్రిస్టియన్, దాన్ని తిరిగి సంపాదించే ఆశతో కిరాయి సేనతో ఓస్లోలో దిగాడు. ఊరు ఆయనకు స్వాగతమిచ్చింది, నార్వే ఆర్చిబిషప్ ఆయనను రాజుగా ఒప్పుకున్నాడు, మిగిలింది కోట ఒక్కటే. దుర్గాధిపతి మోగెన్స్ గిల్డెన్‌స్టియెర్నె బలగం స్వల్పం. అందుచేత ఆయన బేరసారాలతో, గడువులతో కాలం గడిపి, లోలోపల కోపెన్‌హాగెన్‌కు కబురు పంపాడు. కోటకు ఎదుట ఉన్న హోవెదోయ ద్వీపంలోని సిస్టర్షియన్ సన్యాసుల మఠం శత్రువుకు ఆసరా కాగలదని దాన్ని కొల్లగొట్టి తగులబెట్టించాడు. వసంతంలో మంచు కరిగి సముద్రమార్గం తెరుచుకోగానే డెన్మార్క్ ఓడలు, వారికి తోడుగా ల్యూబెక్ ఓడలు వచ్చి క్రిస్టియన్ ఆశలను తుంచివేశాయి. సంప్రదింపులకని అభయం పొంది కోపెన్‌హాగెన్‌కు వెళ్లిన ఆయనను బంధించారు. 1559లో చనిపోయేదాకా ఆయనకు విడుదల లేదు. శత్రువును చంపడం ఈ కోట పని కాదు, సాయం వచ్చేదాకా కాలాన్ని సంపాదించిపెట్టడమే దాని పని.

ఆ కాలానికి వెల మాత్రం ఊరు చెల్లించింది. 1567లో స్వీడన్ సేన వచ్చినప్పుడు, ఇళ్లు శత్రువుకు నీడ కాకూడదని దుర్గాధిపతి క్రిస్టెన్ మూంక్ ఓస్లోకు నిప్పు పెట్టించాడు, కోట దక్కింది. ఫిరంగుల యుగంలో ఎత్తయిన నిలువు గోడలు సులభంగా కూలుతాయి గనుక, డెన్మార్క్, నార్వేల రాజు నాలుగవ క్రిస్టియన్ కాలంలో మట్టిని నింపి, రాతితో కప్పి, బయటికి కోణంగా పొడుచుకు వచ్చే తక్కువ ఎత్తు బురుజులను చుట్టూ నిర్మించి, లోపలి మధ్యయుగపు భవనాలను రినైజాన్స్ పద్ధతి రాజభవనంగా మార్చారు. 1624 ఆగస్టులో మూడు రోజులపాటు మండిన అగ్నిప్రమాదంలో ఓస్లో నాశనమైనప్పుడు, అదే రాజు పాత చోట ఇళ్లు కట్టరాదని ఆజ్ఞాపించి, కోట పక్కన తిన్నని వీధులతో కొత్త నగరం గీయించి, కొయ్య ఇళ్లను నిషేధించి, దానికి తన పేరు మీద క్రిస్టియానియా అని పేరు పెట్టాడు. ఓస్లో అన్న పాత పేరు నగరానికి తిరిగి దక్కింది 1925లోనే. ఈ నాలుగవ క్రిస్టియన్ తెలుగువారికీ బొత్తిగా పరాయివాడు కాదు: ఆయన అనుమతితో 1616లో ఏర్పడిన వర్తక సంఘమే 1620లో తమిళ తీరాన తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోటను కట్టి, ఆ దశాబ్దంలోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది.

కోట చెంతకు చేరినంత మాత్రాన నగరానికి భద్రత చిక్కలేదు. 1716లో స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ క్రిస్టియానియాను ఆక్రమించినప్పుడు, కోటగోడలను కూల్చగల పెద్ద ఫిరంగులు ఆయన వద్ద లేకపోవడంతో కొద్ది వారాలకే వెనుదిరిగాడు. ఆ వారాలలో కోట ఫిరంగులు గురిపెట్టింది సొంత నగరపు వీధుల వైపే. ఆపై యుద్ధ ప్రాముఖ్యం తగ్గిన కోట కారాగారమైంది. నార్వే జాతీయ బ్యాంకును 1835లో దోచిన ఊలె హోయ్‌లాన్డ్ 1839లో ఇక్కడినుంచే తవ్వుకుని తప్పించుకుపోయాడు. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేన కోటను పోరు లేకుండానే స్వాధీనం చేసుకుంది. ఆక్రమణ కాలంలో ప్రతిఘటన యోధులను ఇక్కడ కాల్చి చంపారు. జర్మన్లతో చేతులు కలిపిన క్విస్లింగ్‌కు 1945 అక్టోబరు 24న మరణశిక్ష అమలైంది కూడా ఇక్కడే. ప్రతిఘటన చరిత్రను చూపే మ్యూజియాన్ని 1970లో కోటలోనే తెరిచారు.

నేడు కనిపించే కోటలో ఏది మధ్యయుగానిదో పోల్చుకోవడానికి ఓపిక కావాలి. శిథిలావస్థకు చేరిన భవనాలను వాస్తుశిల్పి హోల్గర్ సిండింగ్-లార్సెన్ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తవ్వి, కొలిచి, 1920లలో రెండు సంపుటాలుగా వివరించకపోతే, వోగెహాల్స్ బురుజు స్థానమూ తొలి ప్రాకారపు రేఖా ఇంత స్పష్టంగా తెలిసేవి కావు. ఆయన తరువాత పని చేపట్టిన ఆర్న్‌స్టైన్ ఆర్నెబెర్గ్ రాజకుటుంబ సమాధి మందిరాన్ని 1948లో పూర్తిచేశాడు. అందులో ఇరవయ్యో శతాబ్దపు రాజు ఏడవ హోకన్, ఆయన రాణి మౌడ్ వంటివారితో పాటు, మేరీమాత చర్చి శిథిలాల్లో దొరికి ఐదవ హోకన్‌వీ యూఫెమియావీ అని భావిస్తున్న అస్థికలనూ ఉంచారు.

కాబట్టి ఓస్లో వెళ్లే తెలుగు పాఠకులు కోటకు నేరుగా పోకుండా, ముందు తూర్పు ఒడ్డున ఉన్న మధ్యయుగపు ఉద్యానానికి వెళ్లి, మేరీమాత చర్చి పునాదులను, పాత ఊరి ఆనవాళ్లను చూసి, అక్కడినుంచి నడిచి ఆకెర్స్‌హుస్ చేరడం మంచిది. కోట ఆవరణలోకి ప్రవేశం ఉచితం. లోపలి రాజభవనానికి మాత్రం టికెట్ తీసుకోవాలి.