ఓసేజ్ ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు

ఓక్లహోమా రాష్ట్రంలోని పాహస్కాలో ఓసేజ్ తెగవాళ్ల మ్యూజియం ఉంది. అక్కడి గోడ మీద 1924 నాటి పొడవాటి ఫొటో ఒకటి ఉండేది. ఓసేజ్‌లూ, చుట్టుపక్కల తెల్లవాళ్లూ పక్కపక్కనే నిలబడి తీయించుకున్నది. అందులో ఒక ముక్క కత్తిరించేసి ఉంది. 2012లో అక్కడికి వెళ్లిన పాత్రికేయుడు డేవిడ్ గ్రాన్ ఇదేమిటని అడిగాడు. ఆ చోట నిలబడింది సైతానని మ్యూజియం డైరెక్టరు చెప్పింది. ఆ సైతాను పేరు విలియం హేల్.

ఆ జవాబు వెంట పడి గ్రాన్ 2017లో ఓసేజ్‌ల హత్యల మీద ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’ అనే పుస్తకం తెచ్చాడు. అమెరికా అంతటా అమ్ముడుపోయింది. చదివినవాళ్లలో చాలామందిది ఒకటే ఆశ్చర్యం: ఇంత ఘోరం జరిగితే మా బడి పుస్తకాల్లో ఒక్క ముక్కా లేదేమిటి? మరుగునపడ్డ హత్యలని పత్రికలూ రాశాయి. ఆ మాట సగమే నిజం. నిజంగా మరిచిపోయినవాళ్లయితే ఫొటోకి కత్తెర పెట్టరు.

ఓసేజ్‌లను కాన్సస్ నుంచి వెళ్లగొడితే, 1870లలో చెరోకీల దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్న రాతి నేల పాహస్కా చుట్టూ ఉన్న ఈ ప్రాంతం. తెల్లవాళ్ల కన్ను పడదనే ధైర్యంతోనే కొన్నారు. 1906లో భూమిని మనిషికింతని పంచుకోవాల్సి వచ్చినా, భూగర్భంలో ఉన్నదంతా తెగ ఉమ్మడి ఆస్తిగానే ఉంచుకున్నారు. 2,229 మందికి తలా ఒక వాటా. దాన్నే హెడ్‌రైట్ అంటారు. అమ్మడానికి లేదు, వారసత్వంగా రావాల్సిందే. తర్వాత చమురు ఉప్పొంగింది. 1923లో ఒక్క ఏడాదికే తెగకు వచ్చింది 3 కోట్ల డాలర్ల పైమాట. అంత డబ్బు ఈ ‘ఇండియన్ల’ చేతికి ఎలా ఇస్తామని ప్రభుత్వం వాళ్ల నెత్తిన తెల్ల సంరక్షకులను కూర్చోబెట్టింది. కోట్లకు వారసురాలైనా సరే, పళ్లపొడి కొనాలంటే లాయరో, బ్యాంకరో ఒప్పుకోవాలి.

కొనడానికి వీల్లేని ఆస్తి దక్కాలంటే వారసుడు కావాలి. దానికి దారి పెళ్లి.

మోలీ బర్క్‌హార్ట్ అనే ఓసేజ్ మహిళ కథ అక్కడే మొదలవుతుంది. 1921 మేలో ఆమె అక్క ఆనా తలలో తూటాతో వాగు గట్టున దొరికింది. రెండు నెలలకే తల్లి కన్నుమూసింది, విషమేనని అనుమానం. 1923 మార్చిలో ఫెయిర్‌ఫాక్స్‌లో చెల్లెలు రీటా ఇల్లు బాంబుతో లేచిపోయింది. చావు చావుకీ వాటాలు మోలీ వైపు జరుగుతున్నాయి. మోలీ భర్త ఎర్నెస్ట్ స్వయానా హేల్ మేనల్లుడు. పశువుల వ్యాపారంలో పైకొచ్చిన హేల్ ఊరికి పెద్దమనిషి, ఓసేజ్‌లకు ఆప్తుణ్ణని చెప్పుకునేవాడు. హెన్రీ రోన్ అనే ఓసేజ్ మీద 25,000 డాలర్ల బీమా రాయించుకుని, అతన్ని కాల్పించి, చివరికి పాడె మోసినవాళ్లలో తానూ ఒకడయ్యాడు!

తర్వాత ఎఫ్‌బీఐగా మారిన ఫెడరల్ దర్యాప్తు సంస్థ నుంచి వచ్చిన టామ్ వైట్ బృందం హేల్‌ను పట్టుకుంది. 1929లో హేల్‌కు యావజ్జీవం పడింది, 1947లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఇక్కడితో ఎఫ్‌బీఐ కథ సుఖాంతం. ఎడ్గార్ హూవర్ తన సంస్థ ప్రతిష్ఠ కోసం ఈ కేసును బాగానే వాడుకున్నాడు. 1932లో రేడియో నాటకమైంది, 1959లో జేమ్స్ స్టీవర్ట్ సినిమాలో ఒక ఘట్టమైంది. కాబట్టి అమెరికా ఈ హత్యల గురించి విననే లేదనడం కుదరదు. విన్నది పోలీసు కథ. చచ్చిపోయినవాళ్లు అందులో సరంజామా.

ఓసేజ్ ఇళ్లలో ఆ కథ వేరేగా నడిచింది. డెనిస్ మెకాలిఫ్ అనే పాత్రికేయుడికి తన అమ్మమ్మ సిబిల్ బోల్టన్ జబ్బుతో పోయిందని చెప్పారు. తవ్వి చూస్తే హత్య. 1994లో దాన్ని పుస్తకంగా రాశాడు. గ్రాన్ వెళ్లేసరికి ఇలాంటి అనుమానాలను పదిలంగా దాచుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. తాత మీద విషప్రయోగం జరిగిందని ఒకరు, రైల్లోంచి తోసేసిన లాయరు తాతకు న్యాయం జరగలేదని ఇంకొకరు. ఆ మాటలు పట్టుకుని అతను ఫోర్ట్ వర్త్‌లోని ప్రభుత్వ దస్తావేజుల్లో ఒక పద్దు పుస్తకం తెరిచాడు. సంరక్షకుల పేర్లు, ఒక్కొక్కరి కింద వాళ్ల సంరక్షణలో ఉన్న ఓసేజ్‌ల పేర్లు. చాలా పేర్ల పక్కన గుమాస్తా చేతిరాతలో ఒకే మాట: చనిపోయారు. అధికారిక లెక్క 24 హత్యలు. ఆ పద్దు చదివాక ఆ లెక్కను నమ్మడం కష్టం. పుస్తకంలో అన్నిటికన్నా బలమైన భాగం ఇదే, టామ్ వైట్ వేట కాదు.

ఓసేజ్‌లు పుస్తకం చదివి ఊరుకోలేదు. దర్శకుడు స్కోర్సెసీ దాన్ని సినిమాగా తీస్తున్నాడని తెలిసి 2019లో గ్రేహార్స్‌లో అతన్ని భోజనానికి పిలిచి తమ గోడు వినిపించారు. నటుడు డికాప్రియో మొదట వేయాల్సింది టామ్ వైట్ పాత్ర. స్క్రిప్టు తిరగరాసి ఎర్నెస్ట్, మోలీల కాపురాన్ని మధ్యకు తెచ్చారు. అయినా 2023లో సినిమా చూశాక, కథ మోలీ కళ్లతో నడవాల్సిందని దానికి భాషా సలహాదారుగా పనిచేసిన ఓసేజ్ ఒకరు బాహాటంగానే చెప్పాడు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. మూడున్నర గంటల సినిమాలో ఎక్కువ సేపు మనం హంతకుల పక్కనే కూర్చుంటాం.

సొంత రాష్ట్రంలో పుస్తకానికి ఇంకో రకం స్పందన ఎదురైంది. జాతి విషయాలను బడుల్లో ఎలా చెప్పాలో కట్టడి చేస్తూ ఓక్లహోమా 2021లో చట్టం చేసింది. ఓసేజ్ కౌంటీ పక్కనున్న డ్యూయీలో ఒక ఇంగ్లీషు టీచరు, ఉద్యోగానికి ముప్పొస్తుందన్న భయంతో, పిల్లలతో చదివించాలనుకున్న ఈ పుస్తకాన్ని పక్కన పెట్టారు.

ఇక హత్యలకు మూలమైన హెడ్‌రైట్ల సంగతి. ఓసేజ్ రక్తం సగమైనా ఉన్నవాళ్ల వాటాలు బయటివాళ్లకు వారసత్వంగా పోకుండా 1925లోనే చట్టం వచ్చింది. అప్పటికే పోయినవి పోయాయి, మిగతా దారుల్లో జారినవీ ఉన్నాయి. ఈనాటికీ హెడ్‌రైట్లలో దాదాపు నాలుగో వంతు తెగకు చెందని వ్యక్తుల, చర్చిల, విశ్వవిద్యాలయాల చేతుల్లో ఉంది. ఇచ్చేద్దామనుకున్న సంస్థలకు కూడా చట్టం అంత తేలిగ్గా దారివ్వడం లేదు. ఆ చట్టాన్నే మార్చమని ఓసేజ్ నేషన్ వాషింగ్టన్‌ను అడుగుతోంది.