లాలాఘాట్ నుంచి బర్మాకి: జాన్ అలిసన్

మన యానాం పక్క కోరంగి పేరుతోనే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. 1942లో జపాను సేనలు వచ్చిపడితే ఆ కోరంగీలు చాలామంది కొండలు దాటి, నడిచే ఇండియా చేరారు. రెండేళ్ళకి, 1944 మార్చి 5 రాత్రి, ఆ సరిహద్దు కొండల మీదుగానే అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవిలోకి గ్లైడర్ నడుపుకుంటూ వెళ్ళి దిగారు అమెరికా వైమానిక అధికారి జాన్ అలిసన్. ఫిలిప్ కోక్రన్‌తో కలిసి మొదటి ఎయిర్ కమాండో దళాన్ని నిలబెట్టింది ఆయనే. చైనాలో ఫైటర్ పైలట్‌గా పేరు తెచ్చుకున్న మనిషి, ఇంజనే లేని గ్లైడర్ ఎక్కడం చూడండి! గడ్డి కింద దుంగలు ఈడ్చిన గోతుల్లో పడి గ్లైడర్లు విరిగాయి, ప్రాణాలు పోయాయి. అయినా మర్నాటి రాత్రికే నేల చదును చేసి డకోటాలని దింపారు. గాయపడ్డవాళ్ళని అక్కణ్ణించే విమానాల్లో వెనక్కి తెచ్చారు. నడిచొచ్చిన మనవాళ్ళకి ఆ విమానం లేకపోయిందే అని మాకు అనిపిస్తూ ఉంటుంది. అలిసన్ తర్వాత రిజర్వులో మేజర్ జనరల్ అయ్యారు. 2011లో, 98వ ఏట పోయారు.