కంప్యూటర్ గది బయట చెప్పులు ఎందుకు విప్పేవాళ్లం?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు చెప్పులు బయటే విప్పేవాళ్లం, గుర్తుందా? లోపల ఏసీ, కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు. గుడిలోకి వెళ్తున్నట్టే ఉండేది. ఎందుకు అని మనం అడగలేదు, సార్లూ చెప్పలేదు. నాకు జవాబు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, మా ప్యాపిలిలో, ఒక మే నెల మధ్యాహ్నం.

ప్యాపిలి తెలియని వాళ్లకి చెప్తా. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, డోన్ దాటాక గుత్తికి ముందు వచ్చే ఊరు మాది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే.

ఆ రోజు మా చెల్లి ఎంట్రన్స్ పరీక్షకి దరఖాస్తు పెట్టాలి. అదే ఆఖరి రోజు. ఫోటో, సంతకం స్కాన్ చేసి ఎక్కించాలని మిద్దె మీద కొత్తగా కట్టిన స్లాబు గదిలో డెస్క్‌టాప్ ముందు కూర్చున్నాం. సగం ఫారం నింపగానే టప్‌మని ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాం, పది నిమిషాలకి మళ్లీ ఆగింది. మూడోసారికి చెల్లి కళ్లలో నీళ్లు. జనవరిలో బ్రహ్మాండంగా పనిచేసిన కంప్యూటర్ ఇది. మరి ఇప్పుడేమైంది?

దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని ప్రపంచానికి చూపించారు. అందులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. ఒక్కో ట్యూబు చిన్న బల్బులాగా వేడెక్కేది. మొత్తం యంత్రం సుమారు 150 కిలోవాట్ల కరెంటు తాగేది. ఆ వేడిని బయటికి తోలడానికి పెద్ద పెద్ద బ్లోయర్లు పెట్టారు. అంటే కంప్యూటర్ పుట్టిన రోజు నుంచే దానికి గాలి ఆడే ఏర్పాటు తోడుగా ఉంది.

మన దేశానికి వద్దాం. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1960 నాటికి టిఫ్రాక్ అనే కంప్యూటర్ తయారైంది. అందులో 2,700 వాక్యూమ్ ట్యూబులు. ఆ తర్వాత మన హైదరాబాద్. 1967లో ఈసీఐఎల్ పెట్టారు. దాని వెనక ఉన్న మనిషి అయ్యగారి సాంబశివరావు గారు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినాయన. హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు నగర్ అంటాం చూడండి, అది ఆయన పేరే. 1969లో టీడీసీ 12, తర్వాత టీడీసీ 312, టీడీసీ 316 అని కంప్యూటర్లు వచ్చాయి. అప్పటి పెద్ద కంప్యూటర్లకి ప్రత్యేకంగా గది, ఆ గదికి ఏసీ ఉండేవి. దుమ్ము పడకూడదని కాపలా ఉండేది. మన స్కూలు ల్యాబుల్లో చెప్పులు విప్పడం ఆ పెద్ద గదుల నుంచి దిగి వచ్చిన అలవాటే. కారణం మరిచిపోయాం, అలవాటు మిగిలింది.

తర్వాత కంప్యూటర్ చిన్నదై బల్ల మీదికి వచ్చింది. 1977లో వచ్చిన ఆపిల్ 2కి ఫ్యానే లేదు. మొదట్లో ఇళ్లకి వచ్చిన కంప్యూటర్లలో ప్రాసెసర్ తినే కరెంటు తక్కువ, దానికి ఫ్యాన్ అవసరం పడలేదు. 1990ల్లో 486, పెంటియం చిప్‌లు వచ్చాక ప్రాసెసర్ నెత్తిన అల్యూమినియం రెక్కల హీట్ సింక్, దాని మీద ఫ్యాన్ వచ్చి కూర్చున్నాయి. ఎంత స్పీడైతే అంత వేడి. 2004లో పెంటియం 4 చిప్‌లు దాదాపు 100 వాట్లకి చేరాయి. మన పాత 100 వాట్ల బల్బు వేడంతా వేలి గోరంత చోటులో ఉందనుకోండి. ఆ ఏడాదే ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని రద్దు చేసుకుంది. ఆ పరుగుకి అడ్డం పడింది ప్రధానంగా వేడే. అందుకే మీ ఫోన్‌లో ఇప్పుడు ఒక్క కోర్ కాకుండా ఎనిమిది కోర్లు పని పంచుకుంటున్నాయి.

ఇప్పుడు మా గదికి తిరిగొద్దాం. అసలు లెక్క ఇక్కడుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో గాలి కంటే చల్లగా చెయ్యలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 70 దగ్గర ఉంటే, తేడా 45. అదే గది 42 అయితే ప్రాసెసర్ 87కి పోతుంది. దీనికి దుమ్ము తోడైతే? హీట్ సింక్ రెక్కలు మూసుకుపోయి ఆ తేడా 45 నుంచి 60 అయిందనుకోండి. జనవరిలో 85, నడుస్తుంది. మేలో 102. చాలా ప్రాసెసర్లకి హద్దు 100 దగ్గరే. ముందు స్పీడు తగ్గించుకుంటుంది, అయినా వేడి తగ్గకపోతే కాలిపోకుండా తనే ఆగిపోతుంది. రోగం ఏడాది పొడవునా ఉంది, ఎండ దాన్ని బయటపెట్టింది అంతే.

ఆ రోజు మాకు ఈ లెక్కలేవీ తెలియవు. కింద నుంచి మా అవ్వ కేకేసింది, "ఆ గదిలో మనుషులే ఉండలేరు, దాన్ని కిందికి తెండిరా" అని. అవ్వ ఉండేది పాత మట్టి మిద్దెలో. మా సీమ వాళ్లకి తెలుసు, మందపాటి గోడలు, కప్పు మీద చవుడు మట్టి, నడుమ గవాచి. మందపు మట్టి ఎండని తొందరగా లోపలికి రానివ్వదు, వేడి గాలి పైకి లేచి గవాచి గుండా పోతుంది. డెస్క్‌టాప్ డబ్బా కూడా ఇదే సూత్రం మీద కట్టారు. ముందు నుంచి చల్లగాలి, వెనక నుంచో పై నుంచో వేడిగాలి. ఆ దారిని నేనేం చేశాను? డబ్బాని బల్ల కింద అరలోకి తోసి, వెనక గోడకి ఆనించి, దుమ్ము పడుతుందని పైన గుడ్డ కప్పాను. గవాచి మూసేసినట్టే కదా!

అవ్వ గదిలో గుడ్డ తీసి, గోడకి జానెడు దూరంగా పెట్టి ఆన్ చేశాం. ఆగలేదు. రాత్రి తొమ్మిదిలోపు దరఖాస్తు వెళ్లిపోయింది. వారం తర్వాత డోన్‌లో మెకానిక్ అన్న విప్పి చూపిస్తే హీట్ సింక్ మీద దుమ్ము కంబళిలాగా ఉంది. "ఏం సామీ, దీనికి ఊపిరాడనియ్యవా?" అన్నాడు. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాడు. ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య కంటికి కనపడని సందులుంటాయి, వాటిని పూడ్చి వేడిని అవతలికి దాటించేది ఆ పేస్టే.

మీ ఇంట్లో డెస్క్‌టాప్ ఉంటే ఎండాకాలం రాకముందే ఒకసారి ప్లగ్ తీసేసి, డబ్బా విప్పి, బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరక్కుండా వేలితో పట్టుకోండి. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే ఆ పూటకి గడుస్తుంది, కానీ అదే దుమ్మునీ లోపలికి తోస్తుంది. ఇక ఫోన్ సంగతి. దానికి ఫ్యాన్ లేదు, ఒళ్లే హీట్ సింక్. ఛార్జింగ్ పెట్టి, దిండు మీద పడేసి గేమ్ ఆడితే హ్యాంగ్ అయ్యేది అందుకే.

మా చెల్లి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆ డెస్క్‌టాప్ ఇంకా అవ్వ గదిలోనే, గవాచి కిందే ఉంది. దాని ముందు కూర్చునేటప్పుడు ఇప్పటికీ చెప్పులు బయటే విప్పుతాం. ఎందుకో ఇప్పుడు మాకు తెలుసు.

మీ ఊళ్లో గవాచిని ఏమంటారో కింద రాయండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.