అడవి నిప్పు – ఊరి కాపు

నెల్లూరు సీమలో వానలు ముఖ్యముగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. ఆ తడికి ఏపుగా పెరిగిన గడ్డి మార్చి నాటికి ఎండిపోవును. తీరమున సరుగుడు తోటలలో సూదులవంటి ఎండు రెమ్మలు రాలి, నేలపై పరుపువలె పేరుకొనును. పడమట వెలిగొండలపై అడవియు ఆకులు రాల్చును. ఇట్టి చోట ఆర్పక పారవేసిన చుట్టముక్క ఒకటి చాలును.

ఈ నిప్పును అరికట్టుటకు మన దేశములో మొదట ఎంచుకొన్న మార్గము చట్టము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నేరముగా నిర్ణయించినది. 1967లో దాని స్థానమున ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చినది. కాని చట్టము నిప్పు పెట్టినవానిని శిక్షింపగలదే గాని, రగిలిన మంటను ఆర్పజాలదు.

పైగా మేతకు, కట్టెలకు ఆంక్షలు కలిగినప్పుడు ఊరివారికి అడవి పరాయిదగును. 1921లో కుమావూ కొండలలో ప్రజలే సర్కారు అడవులను తగులబెట్టిరి. ప్రభుత్వము విచారణ జరిపి కొన్ని ఆంక్షలను సడలించినది. 1931లో అచ్చట వన పంచాయతులకు నిబంధనలు ఏర్పడినవి. ఊరికి పాలు లేని అడవిని కావలివారు మాత్రమే కాపాడలేరని ఈ అనుభవము తెలిపినది.

1988 జాతీయ అటవీ విధానము ఈ పాఠమునే స్వీకరించినది. 1990 జూన్‌లో కేంద్రము రాష్ట్రములకు మార్గదర్శకములు పంపగా, 1992లో ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు ఆరంభమైనవి. ప్రతి ఇంటి నుండి ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీ, సభ్యులు కావచ్చునని ఏర్పాటు. అడవి ఫలసాయములో పాలు వారి హక్కు. నిప్పు నుండి కాపాడుట వారి బాధ్యత.

ఇందలి శాస్త్రము సులభమైనది. మంట నిలుచుటకు ఇంధనము, ఆక్సిజన్, వేడి మూడును కావలెను. అడవిలో గాలిని ఆపలేము. వేడిని చల్లార్చుటకు నీరు దొరకదు. తీసివేయగలిగినది ఇంధనమొక్కటే. కనుకనే వేసవికి ముందు గడ్డి, ఆకులు ఊడ్చి ఫైరులైన్లు వేయుదురు. చిన్న మంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుదురు. నేడు ఉపగ్రహములు నిప్పును కనిపెట్టుచున్నవి. భారత అటవీ సర్వే సంస్థ నమోదు చేసుకొన్నవారికి హెచ్చరికలు పంపుచున్నది. అయినను కొమ్మ పట్టుకొని మొదట చేరగలవాడు దగ్గరి ఊరివాడే.

కావున గ్రామస్థులు వేసవి రాకముందే తమ ఊరికి సమితి కలదా యని బీటు అధికారిని గాని, రేంజి కార్యాలయమున గాని విచారింపవలెను. ఉన్నచో చేరి, ఫైరులైన్ల పనిలో పాల్గొనవలెను. లేనిచోట పొరుగువారు కూడి తోటల క్రింద చెత్త ఎవరు తీయుదురో, గస్తీ ఎవరు తిరుగుదురో, 101కి ఎవరు ఫోను చేయుదురో ముందే పంచుకొనవలెను. పెద్ద మంటను శిక్షణ లేనివారు ఎదుర్కొనరాదు. మంట కనిపించిన తరువాత సంఘము కట్టుటకు వ్యవధి యుండదు.