చేబదులు, పూచీ, ప్రత్యయము: ఆదవాని సీమ నేతవారి ఋణచరిత్ర

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు కులచరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాసి పంపుడని కార్యదర్శిగారు కోరియుండిరి. గోత్రములను గూర్చియు, మూలపురుషులను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో పెక్కురు గలరు. మేము ఋణమును గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. నేతవాని యింటి చరిత్రలో నూలునకెంత భాగము గలదో అప్పునకును నంత భాగమే కలదు; అయినను సంచికలలో నూలును గూర్చి వ్రాయుదురు గాని అప్పును గూర్చి వ్రాయరు. పైగా నిప్పుడు క్రొత్తరకపు ఋణమొకటి లోకమున బయలుదేరినది. ముఖమెరుగనివాడు ముఖమెరుగనివానికి, తాకట్టు లేకయే, బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టోనాణెములను సెల్‌ఫోను మూలమున అప్పిచ్చుచున్నాడు. ఇది క్షేమమా యని మా పూర్వశిష్యులలో నొకరిద్దరు మమ్మడిగిరి. వారికి నోటిమాటగా చెప్పిన దానినే యిచట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

తెలుగువారికి చేబదులను మాట యొకటి కలదు. పత్రము లేదు, తాకట్టు లేదు, సాక్షి లేడు; తరచుగా వడ్డియు నుండదు. చేబదులు పుచ్చుకొనువాడు ప్రక్కయింటివాడో, వియ్యంకుడో, ఒకే వీధిలో మగ్గము వేసికొన్నవాడో యగును. కొంచెము దూరపువాడైనచో ప్రామిసరీ నోటు వచ్చును. ఇంకను దూరపువాడైనచో నగయో పొలమో తాకట్టునకు వచ్చును. పరిచయము తగ్గినకొలది కాగితము పెరుగుట మన దేశపు వాడుక. పరిచయమును కాగితమును రెండును లేనిచో నేమి చేయవలెనను ప్రశ్న మన పూర్వులకు తోపకపోలేదు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఋణాదాన ప్రకరణము గలదు. దానికి మితాక్షరయను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు మన సీమకు పరాయివాడు కాడు. ఆయన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమందుండెను. తాకట్టుగల ఋణమునకు మాసమునకు అసలులో ఎనుబదియవ వంతు, అనగా నూటికి 1¼, వడ్డి యని స్మృతి చెప్పుచున్నది. తాకట్టు లేనిచో వర్ణక్రమమున నూటికి 2, 3, 4, 5 చొప్పున పెరుగును. నేతవారిని ఏ వర్ణమున నెంచవలెనను వివాదమును సభలో వేరొకరు తప్పక యెత్తుదురు గనుక మేమెత్తము. కడపటివాడు మొదటివానికంటె రెండున్నర రెట్లు వడ్డి కట్టవలయుననుట మాకు న్యాయముగా తోపదని మాత్రము చెప్పి ముందునకు పోవుదుము. అడవుల వెంట వర్తకమునకు పోవువాడు నూటికి 10, సముద్రముపై పోవువాడు నూటికి 20 ఈయవలెను. తిరిగివచ్చునో రాడో తెలియనివాని కిచ్చిన సొమ్మునకు వడ్డి హెచ్చుట యానాడును గలదన్నమాట.

అయితే స్మృతికారుడు వడ్డితోనే తృప్తినొందలేదు. ప్రతిభువును, అనగా పూచీదారుని, నిలిపినాడు. ప్రతిభువులు మూడు విధములవారు. ఋణగ్రస్తుని పిలిచినపుడు తెచ్చి చూపుదునను వాడొకడు. ఇతడు నమ్మదగినవాడు, నా మాటమీద నిమ్మను వాడు రెండవవాడు. ఇతడీయనిచో నేనే యిత్తునను వాడు మూడవవాడు. ఈ రెండవవానికి ప్రత్యయ ప్రతిభువని పేరు. ప్రత్యయమనగా నమ్మకము. ఇతడు ధనమేమియు నొడ్డలేదు, మాట నొడ్డినాడు. అయినను ఆ మాట వట్టిదైనచో సొమ్ము తానే చెల్లింపవలెను. ఆ బాధ్యత మాత్రము అతని కుమారులకు సంక్రమింపదు. ఎంత చక్కని విభాగము! ఇతరుని నమ్ముమని చెప్పువాడు ఊరక చెప్పి పోరాదు.

ఇక మన సీమకు వత్తము. ఆదవాని దుర్గమును దాని చుట్టుపట్ల గ్రామములును 1800 సంవత్సరమున నిజాము దత్తమండలములతో గూడ కుంఫిణీవారి వశమైనవి. కుర్నివారును, పద్మశాలీలును, తొగటలును, దేవాంగులును దత్తమండలములలో మగ్గములు నడిపినవారే. వీరిలో నూలును రొక్కమిచ్చి కొనగలిగినవారు తక్కువ. షావుకారు నూలిచ్చును, నేతవాడు గుడ్డ తెచ్చి యిచ్చును, కూలిలోనుండి పాతబాకి మినహాయింపబడును. ఈ నూలునకు తాకట్టేది? చూడబోయిన గుంటమగ్గమే తాకట్టు. కాళ్లు దింపుకొనుటకు నేలలో త్రవ్విన గుంటను నెత్తికెత్తుకొని రాత్రికి రాత్రి పారిపోవుట యెవ్వరి తరము? పడుగు చాపుటకు వీధి కావలెను, కండెలు చుట్టుటకు ఇంటిల్లిపాది కావలెను. పారిపోలేనివానికి పత్రము వ్రాయించుకొనకున్నను భయము లేదు. కులపెద్ద యొక్కమాట చెప్పెనేని యతడే ప్రత్యయ ప్రతిభువు.

ఈ నమ్మకమును పొగడువారు చాలమంది గలరు. మేమంతగా పొగడము. తెలిసినవాడనుట యిరువైపుల పదునుగల కత్తి. అప్పిచ్చినవాడే గుడ్డ కొనువాడు, నూలు వెల కట్టువాడును లెక్క వ్రాయువాడును వాడే యైనపుడు, బాకి తీరక యొరుల నూలు నేయరాదను నియమము వ్రాయకయే చెల్లును. తండ్రి బాకి కొడుకు మగ్గముమీదికి వచ్చును. దత్తమండలముల తొలి కలెక్టరైన థామస్ మన్రో దొర 1813లో పార్లమెంటువారి విచారణలో, తానంతకుముందు పనిచేసిన బారామహలు సంగతి చెప్పుచు, కుంఫిణీ యుద్యోగులు ముఖ్యులైన నేతవారిని ఒకచోట చేర్చి, కుంఫిణీకి మాత్రమే గుడ్డ నేసి యిత్తుమని యొడంబడువరకు కాపలా పెట్టిరని సాక్ష్యమిచ్చెను. తాకట్టు లేని బయానాకు తుదకు మనిషియే తాకట్టయ్యెను.

ఎరుగనివారి నడుమ నమ్మకము నడిచిన త్రోవ మరియొకటి గలదు. అది ఆదవాని పత్తి వర్తకము. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున సీమకు ఆ దేశపు పత్తి రాక నిలిచి మన దేశపు పత్తికి విపరీతమైన గిరాకి కలిగెను. యుద్ధమాగినంతనే వెలలు కూలెను. 1871లో మద్రాసు బొంబాయి రైలుదారులు రాయచూరున కలిసినవి. ఇట్టి దూరవర్తకమునకు రొక్కము మూటగట్టి పంపుట యెట్లు? హుండీ వ్రాసిరి. హుండీ యనగా చిన్నకాగితము. దానివెనుక నున్నది కొఠీ పేరు. దర్శనహుండీని చూపినంతనే సొమ్మీయవలెను; ముద్దతి హుండీకి గడువు తీరినపుడీయవలెను. చెల్లని హుండీవాని పేరు బజారులన్నిట ప్రాకిపోవును. మరునాడు వాని కాగితమును ముట్టువాడుండడు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము సైతము దేశభాషల హుండీల వాడుకలను తుడిచివేయక నిలిపినది. ఇచట అప్పిచ్చినవానికి అప్పు తీర్చువాడు తెలియకపోవచ్చును, కాని నడుమనున్న కొఠీ తెలియును. ప్రతిభువు పేరు మారినది గాని స్థానము ఖాళీ కాలేదు.

1876 మొదలు 1878 వరకు వచ్చిన క్షామమున బళ్ళారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి చెడినవి. క్షామమున మొదట నిలిచిపోవునది గుడ్డ కొనుట. షావుకారును నేతవానిని ఒక్కమారే ముంచిన యా కాలమున పొరుగువాని పూచీ పనికిరాదని తెలిసెను. పొరుగువాడును మునిగినవాడే గదా.

ఫ్రెడరిక్ నికల్సన్ దొర మద్రాసు ప్రభుత్వమునకు 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలలో జర్మనీ దేశపు రైఫైజెన్ సంఘములను చూపి, ఒక్కని పూచీ చాలనిచో నందరును కలిసి పూచీపడవలెనని వాదించెను. 1904 నాటి సహకారచట్టమున గ్రామసంఘములకు సామాన్యముగా అపరిమిత బాధ్యతయే విధింపబడెను. 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘమేర్పడెను. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించిరి. నాటికి ఎమ్మిగనూరు ఆదవాని తాలూకాలో, ఆ తాలూకా బళ్ళారి జిల్లాలో నుండెను. కర్నూలునకు వచ్చుట 1953లో. ఇట్టి సంఘముల విశేషమేమనగా, నూలు సంఘముది, గుడ్డ సంఘముది, నేతవానికి కూలి. నూలు అప్పుగా నుండుట మానినది. వడ్డి తగ్గించుటకంటె ఇది చాల పెద్దమార్పని మా యభిప్రాయము. 1954లో సోమప్పగారికి పద్మశ్రీ వచ్చినది. మనవారు ఆ బిరుదమును తలచినంతగా నీ మార్పును తలపరు.

ఇప్పుడు మా శిష్యుల ప్రశ్నకు వత్తము. బిట్‌కాయిన్ 2009లో పుట్టినది. దాని రహస్యపుతాళపుచెవి యెవనియొద్ద నున్నదో వాడే యజమానుడు. ఒకమారు పంపినదానిని త్రిప్పి రప్పించుట యెవనికిని సాధ్యము కాదు. తాకట్టుపై నిచ్చు క్రిప్టో ఋణములలో పుచ్చుకొనుదానికంటె నెక్కువ విలువగల నాణెములను ముందే కట్టవలెను. అది కుదువ వ్యాపారమే, మనకు క్రొత్త కాదు. క్రొత్తయైనది తాకట్టు లేనిది. 2012లో అమెరికాలో బీటీసీజామ్ అనునది బయలుదేరి, లోకములోని యెవ్వరైనను ఎవ్వరికైనను తాకట్టు లేక బిట్‌కాయిన్ అప్పిచ్చుటకు వీలు కల్పించెను. పుచ్చుకొనువానికొక గ్రేడునిచ్చి చూపెడివారు. ఆ గ్రేడు తప్పైనచో సొమ్ము పోవునది అప్పిచ్చినవానికే గాని గ్రేడిచ్చినవానికి గాదు. ప్రత్యయ ప్రతిభువు మాట మిగిలినది, బాధ్యత పోయినది. ఆ వ్యాపారము 2017లో మూతపడెను.

ఋణగ్రస్తుని కష్టమును చెప్పవలెను. 2013 జనవరియందు సుమారు 13 డాలర్లున్న బిట్‌కాయిన్ వెల ఆ యేడు నవంబరు తుదకు 1000 డాలర్లు దాటెను. ఒక నాణెము అప్పు తెచ్చి ఖర్చు చేసికొని నాణెముగనే తీర్చవలసినవానికి, వడ్డి సంగతి యటుంచి, అసలే డెబ్బది రెట్లు మించినది. బంగారము రెండింతలు, ధాన్యము మూడింతలు, వస్త్రము నాలుగింతలు మించి పెరుగరాదని యాజ్ఞవల్క్యుడు హద్దు పెట్టినాడు. ఈ నాణెమునకు హద్దు పెట్టినవాడు లేడు.

పెద్దవారు జాగ్రత్తపరులని తలపవలదు. అమెరికాలోని వాయేజర్ అను సంస్థ త్రీ యారోస్ క్యాపిటల్ అనువారికి 15,250 బిట్‌కాయిన్లును, 35 కోట్ల డాలర్ల విలువగల వేరొక నాణెమును తాకట్టు లేకయే యిచ్చెను. 2022 జూన్ నెలలో వారు తీర్చలేదు. జూలైలో వాయేజర్ దివాలా యెత్తెను. అందులో దాచుకొన్నవారి సొమ్ము చిక్కుబడెను. పుచ్చుకొన్నవారికి పేరుండెను. పూచీదారుడు లేడు.

మన ప్రాంతమందే రూపాయల ఋణములలో దీనికి చుట్టమొకటి కనబడినది. 2020లో తెలంగాణమున సెల్‌ఫోను ఋణాల యాపులవారు తాకట్టు లేక అప్పిచ్చి, పుచ్చుకొన్నవాని ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలను లాగికొని, వారందరికిని పరువు తీయు సందేశములు పంపిరి. కొందరు ప్రాణములు తీసికొనిరి. డిసెంబరులో పోలీసులు పలువురిని నిర్బంధించిరి. ఫోనులోని పేర్లను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమము చేసెను. బారామహలు కాపలాకును దీనికిని మాకు పెద్ద భేదము కానరాదు. బంధువులు తమకు తెలియకయే పూచీదారులైరి.

క్రిప్టోనాణెములపై 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు విధించిన యాంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసెను. 2022లో లాభముపై 30 శాతము పన్ను వచ్చినది. ఇందుచేత అది ప్రభుత్వపు నాణెమైనదని కొందరనుకొనుచున్నారు. అది పొరపాటు. పన్ను వేయుట వేరు, పూచీపడుట వేరు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము దావాపత్రమున ప్రతివాది పేరు, వివరము, నివాసస్థలము వ్రాయవలెను. ముఖమెరుగనివానికి నాణెములు పంపి మోసపోయిన కుర్రవాడు ఆదవాని కోర్టునకు పోయినచో, వకీలుగారు మొట్టమొదట నడుగునది ఆ మూడే.