పూల కాలం, పిల్లల ఆట

మార్చి నెలాఖరు, మనకు ఉగాది దగ్గరపడే రోజులు. జపాన్‌లో ఒసాకాకూ కోబెకూ మధ్య నిషినోమియా అనే ఊరుంది. అక్కడి షుకుగావా ఏటి గట్ల మీద వెయ్యిన్నరకు పైగా చెర్రీ చెట్లు పూతకు వస్తాయి. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు చెట్ల కింద పట్టాలు పరుచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బాలు విప్పుతారు. అక్కడికి దగ్గర్లోనే, అదే రైలు దారిలో ఉన్న కోషియెన్ స్టేడియంలో సైరన్ మోగుతుంది. హైస్కూలు పిల్లల బేస్‌బాల్ మొదలైందన్నమాట.

ఈ రెండు వేడుకలూ ఇలా పక్కపక్కన చేరడం వెనక రైలు కంపెనీల పాత్ర పెద్దది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో ప్రైవేటు ఎలక్ట్రిక్ రైళ్లు నడవసాగాయి. సెలవు రోజుల్లో కూడా జనం రైలెక్కాలంటే లైను పక్కన చూడదగ్గదేదో ఉండాలి. అందుకే ఆ కంపెనీలు వినోదశాలలు కట్టాయి, ఆట మైదానాలు వేశాయి. 1915 వేసవిలో అసాహి పత్రిక పది పాఠశాలలతో తొలి జాతీయ పోటీ నిర్వహించింది కూడా తోయోనాకాలోని అలాంటి రైలు కంపెనీ మైదానంలోనే. రెండేళ్లకే జనం పెరిగి, పోటీ హన్షిన్ రైల్వే వారి నరువో మైదానానికి మారింది. 1923 నాటికి అదీ చాల్లేదు. ప్రేక్షకులు గీతలు దాటి ఆటస్థలంలోకి వచ్చేశారు.

దాంతో హన్షిన్ వాళ్లు ఎండిన ఏటి పాయ ఉన్న చోట కొత్త స్టేడియం తలపెట్టారు. అయిదు నెలలు తిరక్కముందే పని పూర్తిచేసి 1924 ఆగస్టు 1న తెరిచారు. మనకున్నట్టే వాళ్లకీ అరవై ఏళ్ల చక్రం ఉంది. వాళ్ల లెక్కలో 1924 ఆ చక్రానికి తొలి ఏడు. ఆ సంవత్సరం పేరే స్టేడియానికి పెట్టారు. మనకది రక్తాక్షి.

వసంతపు పోటీ కూడా ఆ సంవత్సరమే పుట్టింది. మైనిచి పత్రిక నగోయాలో ఎనిమిది పాఠశాలలతో ప్రారంభిస్తే తకమత్సు వాణిజ్య పాఠశాల గెలిచింది. మరుసటి ఏడాది నుంచి వేదిక కోషియెన్. వేసవి పోటీకి ప్రాంతీయ పోటీల్లో నెగ్గి రావాలి. వసంతానికి మాత్రం అంతకుముందు శరత్కాలపు ఆట చూసి ఓ సంఘం జట్లను పిలుస్తుంది. ఆ పిలుపు అందిన ఊరి సంబరం అంతా ఇంతా కాదు. బడి బ్యాండు, తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు అందరూ బయల్దేరి ఆల్ప్స్ స్టాండ్ అనే గ్యాలరీ నింపేస్తారు. నాకు ఈ పోటీలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. అక్కడ కూర్చున్నవాళ్లకు మైదానంలో ఉన్నది పక్కింటి పిల్లాడు.

ఒకినావా సంగతి తలచుకుంటే ఇది మరింత బాగా తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ జపాన్ దీవులు అమెరికా పాలనలో ఉన్నాయి. 1958 వేసవిలో షురి హైస్కూలు కోషియెన్‌కు వచ్చింది. ఒకినావా నుంచి అక్కడ ఆడిన తొలి జట్టు అదే. మొదటి ఆటలోనే ఓడిపోయారు. ఓడిన జట్టు మైదానం మట్టి గుర్తుగా తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. వీళ్లూ తీసుకెళ్లారు. కానీ నాహా రేవులో, పరాయి నేల మట్టి రాకూడదన్న క్వారంటైన్ నిబంధన కింద అధికారులు దాన్ని సముద్రం పాలు చేశారు. ఆ కబురు విన్న ఒక విమాన పరిచారిక కోషియెన్ నుంచి గులకరాళ్లు సేకరించి ఆ బడికి అందజేసింది. వాటిని పొదిగిన స్మారకం ఇప్పటికీ ఆ బడిలో ఉంది. మట్టిని ఆపిన చట్టం రాళ్లను ఆపలేదు!

1972లో ఒకినావా తిరిగి జపాన్‌లో కలిసింది. అయినా విజయం అంత సులువుగా రాలేదు. 1990, 1991 వేసవుల్లో ఒకినావా సుయిసాన్ బడి వరసగా ఫైనల్లో ఓడింది. చివరికి 1999 వసంతంలో ఒకినావా షోగాకు బడి కప్పు గెలిచింది. వసంతంలో గానీ వేసవిలో గానీ ఆ దీవులకు దక్కిన తొలి జాతీయ విజయం అదే.

2001లో నిర్వాహకులు ఇంకో మంచి పని చేశారు. సాధన వసతులు లేకపోయినా, కష్టాలు ఎదురైనా నిలబడి ఆడే బడుల కోసం వసంతపు పోటీలో ప్రత్యేక స్థానాలు పెట్టారు. బలమైన జట్ల చేతిలో వీళ్లు చిత్తవుతారన్న అనుమానం రావడం సహజమే. కానీ ఆ మొదటి ఏడాదే ఆ కోటాలో వచ్చిన ఒకినావా పల్లె బడి గినోజా సెమీఫైనల్ దాకా వెళ్లింది.